తడిసిన కర్ర చప్పుడు

రోజూ పొద్దున్నే, టీ అయినా తాగకుండా, ఆయన భుజాన ఒక పాత గుడ్డ వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. రాత్రి కురిసిన మంచో వానో వీధివైపు కిటికీల అడుగు చెక్కల మీద నిలిచి ఉండేది. ఆ నీళ్లు తుడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, అక్కడ గుడ్డ పిండుకుని, ఎదుటి వరుస కిటికీలు తుడుచుకుంటూ ఇంటికి తిరిగి వచ్చేవాడు. ఎవరూ ఆయన్ని ఆ పని చెయ్యమని అడగలేదు. వాటిలో ఆయన బాగుచేసిన కిటికీలు కొన్నే. మిగిలినవాటి మీద ఎప్పుడూ ఆయన చెయ్యి పడలేదు. అయినా తేడా చూపేవాడు కాదు. లోపల ఎవరైనా నిద్రలో ఉంటే చప్పుడు కాకుండా అద్ది తీసేవాడు. మెలకువగా ఉన్నవాళ్లు తెర పక్కకు లాగి, "ఏం బాబాయ్, మా కిటికీకి మొహం కడిగావా?" అనేవారు.

"కడిగేది దేవుడు. తువ్వాలు పట్టుకునేదే నేను" అనేవాడు.

ఇళ్లకు బయటివైపు ఉండే కర్రను కనిపెట్టుకుని ఉండటమే ఆయన వృత్తి. కిటికీ చట్రాలు, రెక్కలు, చూరు కింద చెక్కలు, బాల్కనీ స్తంభాలు, రెయిలింగులు, బయటి మెట్ల చేతికర్రలు, ఇలా ఎండకూ వానకూ ఎదురుగా నిలబడే కర్ర ఏదైనా సరే, దానికి ఏడాదికోసారి ఆయన దర్శనం కావలసిందే. చిన్న కొయ్యసుత్తితో తట్టుకుంటూ వెళ్లేవాడు కనుక ఆయనకు టకటక బాబాయి అని పేరు వచ్చింది. అసలు పేరు ఏమిటో వీధిలో చాలామందికి తెలియదు. భార్యకు తెలుసు కానీ ఆమె ఎప్పుడూ ఆ పేరు పెట్టి పిలవలేదు.

పని నేర్చుకున్నది మేనమామ దగ్గర. మేనమామ వడ్రంగి. తల్లి చనిపోయిన తర్వాత మేనల్లుడిని తెచ్చి తన కొట్లో కూర్చోబెట్టుకున్నాడు. చిత్రిక పట్టమంటే ఒకవైపు లోతు ఎక్కువయ్యేది. రంపం ఇస్తే గీసిన గీత ఒక దారిన, కోత ఇంకో దారిన పోయేవి. మొదటిసారి చేసిన పీట మీద మేనమామ కూర్చుని, "పీట చెయ్యమంటే ఉయ్యాల చేశావేంట్రా" అన్నాడు. అయితే కొత్తగా వచ్చిన దుంగలను ఊరికే తట్టి చూడటం కుర్రవాడికి అలవాటుగా ఉండేది. ఒకసారి ఒక దుంగ దగ్గర ఆగి, ఇది లోపల బాగాలేదు మావయ్యా అన్నాడు. పైకి నున్నగా, బరువుగా ఉంది. మేనమామ నవ్వి కోయించాడు. నడుమ డొల్ల. ఆ పూట భోజనం దగ్గర మేనమామ తన భార్యతో, "వీడికి చేతులివ్వడం మర్చిపోయి దేవుడు చెవులు రెండింతలిచ్చాడే" అన్నాడట.

అలా తయారుచేసే పని వదిలి చూసే పనిలోకి వచ్చాడు. "చేసేవాళ్లకేం, బోలెడుమంది. చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత దాన్నెవరు చూస్తారు?" అనేవాడు. చూడటం అంటే ఆయన దృష్టిలో ముందు వినడమే. బాగున్న కర్రను తడితే ఖంగుమంటుంది. ఆ మోత కొంతసేపు చెక్క వెంట నడుస్తుంది. పుచ్చిన కర్రను తడితే మోత పుట్టినచోటే ఆగిపోతుంది. మోత ఆగిపోయినచోట మాత్రమే దబ్బనం తీసి గుచ్చేవాడు. దబ్బనం ఎంత సులువుగా దిగితే లోపల అంత పుచ్చు ఉన్నట్టు. అనుమానం లేనిచోట ఎవరు చెప్పినా గుచ్చేవాడు కాదు. గుచ్చిన ప్రతి రంధ్రమూ నీటికి ఒక తలుపు అవుతుందని ఆయన పట్టుదల. మంచి కర్రను గుచ్చి గుచ్చి చూడటం, ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోజూ నీకేమైనా రోగముందా అని అడగడంలాంటిదని చెప్పేవాడు.

పుచ్చు దొరికితే అంతమేరకే కోసి తీసేవాడు. ఆ చోట అదే రకం కర్ర ముక్కను ఏటవాలుగా అతికేవాడు. అతుకు వాలు ఎప్పుడూ బయటికే ఉండాలి, లేకపోతే నీళ్లు దాని లోపలే కాపురం పెడతాయి. ఆ తరువాత ఆరబెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, అవిసె నూనె పట్టించడం, సందుల్లో లప్పం, దానిమీద రంగు. ఆరకముందే రంగు వెయ్యమని తొందరపెట్టేవాళ్లతో ఎప్పుడూ గొడవే. "తడిబట్టలతో నిన్ను పెట్టెలో పెట్టి మూత వేస్తే ఎలా ఉంటుంది? దానికీ అలాగే ఉంటుంది" అనేవాడు.

చేతిపని సొంతంగా రాలేదు కాబట్టి అతుకు ముక్కలు కోయించుకోవడానికి పక్క వీధి వడ్రంగి దగ్గరకు వెళ్లేవాడు. ఆ సంగతి దాచేవాడు కాదు.

నిచ్చెన ఎక్కేముందు మొదటి మెట్టు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఏం ప్రార్థిస్తావని ఎవరో అడిగితే, "పైకి నేను ఎక్కుతాను, కిందికి నువ్వు దించు అంటాను. అంతే" అన్నాడు. ఒక ఇంటి చూరు చెక్క మార్చవలసి వచ్చినప్పుడు దాని వెనుక పిచ్చుక గూడు కనబడింది. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. మిగతా చూరంతా పూర్తిచేసి ఆ ఒక్క చెక్క వదిలేసి వచ్చాడు. అల్లుడు వచ్చే వేళకు ఇల్లు అందంగా ఉండాలని ఇంటావిడ గోల పెట్టింది. "మీ అల్లుడితో పాటు వీటినీ నాలుగు రోజులు అల్లుళ్లలా ఉండనివ్వమ్మా" అన్నాడు. పిచ్చుకలు ఎగిరిపోయాక తానే గుర్తుపెట్టుకుని వెళ్లి ఆ చెక్క బిగించి వచ్చాడు.

పెళ్లి కూడా నిచ్చెన మీదే కుదిరిందని చెప్పుకునేవారు. ఒక ఇంటి మేడ మీద కిటికీ రెక్కలకు రంగు వేస్తుంటే లోపలి నుంచి ఆ ఇంటి అమ్మాయి టీ గ్లాసు అందించింది. రెండో రోజూ అందించింది. రంగు వేసేందుకు రెక్కలు మిగలకపోయినా ఆయన ఇంకొన్ని రోజులు నిచ్చెన ఎక్కాడట. "అందరూ గుమ్మంలోంచి వస్తారు, ఈయన కిటికీలోంచి వచ్చారు" అని ఆమె ముసలితనంలో కూడా చెప్పి నవ్వేది. వాళ్లకు పిల్లలు లేరు. అందుకు ఆమె దేవుడితో ఒకప్పుడు దెబ్బలాడింది, తరువాత రాజీపడింది. వీధి పిల్లలంతా ఆ ఇంట్లోనే తిరిగేవాళ్లు. ఊళ్లో కిటికీలన్నీ చక్కగా మూసుకునేవి, ఆ ఇంటి వంటగది కిటికీ మాత్రం మూసుకునేది కాదు. ఆమె దాన్ని పాత చీర అంచుతో కట్టి ఉంచేది. "మా ఆయన చాలా మంచి పనివాడు. కావాలంటే ఎదురింటికెళ్లి చూడండి" అనేది.

ఇలా నడుస్తూ ఉండగా ఒక ఏడు వానలు ముందే మొదలై తెరిపి లేకుండా పట్టుకున్నాయి.

వానాకాలానికి ముందు కర్రనంతా ఒకసారి చూసి పెట్టడం ఆయన పద్ధతి. ఆ ఏడు ఆ వ్యవధి దొరకలేదు. జల్లుకూ జల్లుకూ మధ్య గొడుగు మడిచి, సుత్తి తీసి, తట్టి, మళ్లీ గొడుగు తెరుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. ఏ కర్రను తట్టినా మొద్దుగానే పలికింది. మోత నడవలేదు. ఆయనకు మొదట చిరాకు వేసింది, తరువాత అలవాటైంది. తడి పీల్చిన కర్ర మొద్దుగా పలుకుతుంది. ఆ పనిలో ఉన్నవాళ్లెవరికైనా తెలిసిన సంగతే అది. ఆరాక మళ్లీ గొంతు వస్తుంది. అందుకని ఆయన వానను తిట్టుకున్నాడు. అనుమానం వచ్చినచోటల్లా దబ్బనం గుచ్చాలంటే ఆ ఏడు ఊరంతా గుచ్చాలి. అది ఆయనకు మనసొప్పలేదు. కంటికి బాగా కనబడినదాన్ని, "తడి ఆరితే సర్దుకుంటుంది, ఏమీ పరవాలేదు" అని చెప్పి దాటి వెళ్లాడు. ఆయన పరవాలేదంటే ఇక ఎవరూ రెండోమాట అడిగేవారు కాదు.

ఆ రోజుల్లోనే ఎవరైనా మాట్లాడితే "ఆఁ?" అని మళ్లీ అడగడం ఆయనకు అలవాటైంది. అదీ వాన చప్పుడు వల్లే అనుకున్నాడు. రేకుల మీద అంత హోరుగా పడుతుంటే ఎవరికి మాత్రం వినబడుతుంది?

వాన రెండు రోజులుగా తెరిపి ఇచ్చి ఎండ కాసింది. ఊళ్లో ఉన్న గుడ్డా పరుపూ అంతా బాల్కనీల మీదికి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇస్త్రీ బండి ఆవిడ పరుగెత్తుకుంటూ ఆయన ఇంటికి వచ్చింది. ఆమె పొద్దున బట్టలు పోగుచేసుకోవడానికి ఒకసారి, సాయంత్రం తిరిగి ఇవ్వడానికి ఒకసారి ఇంటింటికీ వెళ్లేది. బట్టలతో పాటు కబుర్లు కూడా పోగుచేసి పంచేది. ఆమెను చాటున రేడియో అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరైనా అలా అనడం చెవిన పడితే, "నన్ను ఆపడానికి మీట లేదు మరి" అనేది.

"బాబాయ్, తొందరగా రా! టీచరమ్మ పరుపు నా బండి మీద పడింది."

"పరుపు పడితే నేనెందుకమ్మాయ్?"

"పరుపుతో పాటు రెయిలింగు కూడా వచ్చింది!"

ఆయన చెప్పులు వేసుకోవడం మర్చిపోయి నడిచాడు.

టీచరమ్మ బడి ఉద్యోగం నుంచి విరమించి మేడ మీద ఒంటరిగా ఉండేది. తడి వాసన వేస్తోందని పరుపు తెచ్చి బాల్కనీ రెయిలింగు మీద ఆరేసి, దిండు కూడా తెద్దామని లోపలికి తిరిగింది. ఆ తిరగడమే దేవుడి దయ. వెనుక నుంచి పెళ్లుమని వినబడి తిరిగి చూస్తే పరుపూ లేదు, పరుపు వేసిన మేర రెయిలింగూ లేదు. కింద బండి మీద పడిన పరుపుకు ఇస్త్రీ పెట్టె తగిలి ఒక మూల కమిలింది. అదృష్టవశాత్తు ఇస్త్రీ ఆవిడ అప్పుడే నీళ్ల కోసం పక్కకు వెళ్లింది.

ఆయన మేడ ఎక్కి విరిగిన స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైకి రంగు పెచ్చు కూడా ఊడలేదు. లోపల వేలు పెడితే పొట్టులా రాలింది. రెండు నెలల కిందట ఆ స్తంభాన్ని తట్టి పరవాలేదన్నది ఆయనే.

జేబులోంచి సుత్తి తీసి, విరిగిన స్తంభం మొదలు మీద తట్టాడు. పక్కన నిటారుగా నిలబడి ఉన్న రెండో స్తంభం మీద తట్టాడు. మళ్లీ మొదటిదాని మీద. మళ్లీ రెండోదాని మీద. రెండురోజుల ఎండకు కర్ర పైన వేడిగా ఉంది. తడి లేదు. రెండూ ఆయనకు ఒకేలా వినబడ్డాయి.

"అమ్మాయ్, ఇటు రా. నేను రెండు చోట్ల తడతాను. ఎలా ఉన్నాయో చెప్పు."

ఇస్త్రీ ఆవిడకు ఇంకా వగర్పు తగ్గలేదు. "ఇప్పుడు ఆటలేంటి బాబాయ్?"

"చెప్పవే తల్లీ."

తట్టాడు. "ఇదేమో గంట. ఇదేమో నానిన అట్టపెట్టె" అంది.

"గంట ఏది?"

"అదేంటి, నీకు..." అని ఆమె ఆగిపోయింది. టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ దిండు పొట్టకు అదుముకుని నిలబడి ఉంది. ఆడవాళ్లిద్దరికీ ఒకేసారి అర్థమైంది. కింద బండి దగ్గర ఎవరో "ఏమైంది, ఏమైంది" అని అడుగుతున్నారు.

టీచరమ్మే ముందు తేరుకుంది. "పాత కర్ర మేస్త్రిగారూ. దానికీ నాకూ ఒకే వయసు. నేను మాత్రం రేపు ఇలా పడనని ఏముంది? మీరేం మనసులో పెట్టుకోకండి."

"నేను పరవాలేదన్నాను టీచరమ్మగారూ."

"ఎప్పుడో అన్నారు. ఎవరికి గుర్తుంది?"

"ఎవరికీ చెప్పను బాబాయ్. నోరు కుట్టేసుకుంటాను" అంది ఇస్త్రీ ఆవిడ.

"నువ్వా?" అంది టీచరమ్మ. ఆ మాటకు ముగ్గురూ నవ్వారు. వాతావరణం తేలిక పడింది. "అయినా ఇంత పెద్ద బట్ట ఎప్పుడూ ఇస్త్రీకి రాలేదు టీచరమ్మా. దీనికి కూలి ఎంతని అడగాలో తెలియడం లేదు" అంటూ ఇస్త్రీ ఆవిడ కిందికి దిగిపోయింది. ఆయన ఖాళీ అయినచోట అడ్డంగా తాడు కట్టి, ఇటువైపు రావద్దని టీచరమ్మకు చెప్పి ఇంటికి వెళ్లాడు.

ఇంట్లో భార్య వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, "ఇదిగో, నువ్వు ఎప్పటి నుంచి నా ఎడమవైపు కూర్చోవడం మానేశావు?" అని అడిగాడు.

ఆమె పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. వాన పడుతున్నా లేకపోయినా ఆమె గొంతు పెంచి మాట్లాడుతోందనీ, వెనుక నుంచి పిలవడం మాని ముందుకు వచ్చి భుజం తట్టి చెబుతోందనీ ఆయనకు అప్పుడే ఒక్కొక్కటిగా తోచింది. వీధి పిల్లలు కూడా ఈ మధ్య ఆయన ముందుకు వచ్చే నిలబడేవారు. ఆమే వాళ్లకు నేర్పి ఉంటుంది.

"పోయిన ఏడు చలికాలం నుంచీ. చెబితే మీరు దిగులు పెట్టుకుంటారని. మీ పని మీ చెవిలోనే ఉందంటారు కదా. అది పోయిందని నేను ఏ నోటితో చెప్పను?"

"చెప్పాల్సింది."

"అవును. చెప్పాల్సింది" అంది ఆమె. కోపమూ లేదు, ఏడుపూ లేదు. లేచి ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఆయన కొయ్యసుత్తి ఇంట్లోనే వదిలి దబ్బనం ఒక్కటే పట్టుకుని బయలుదేరాడు. ఆ వానల్లో తాను పరవాలేదన్న ఇళ్లన్నీ ఎవరికీ తెలియకుండా గుచ్చి చూసి, ఎక్కడ తేడా ఉంటే అక్కడ మెల్లగా సరిచేసేద్దామని అనుకున్నాడు. తన తప్పు తన చేతిమీదుగానే ముగిసిపోతే ఎవరి ముందూ తల దించుకునే అవసరం ఉండదు. పని కూడా ఉంటుంది. ఆ ఆశతోనే మొదట దర్జీ ఇంటికి వెళ్లాడు.

దర్జీ ఇంటికి బయటివైపు కర్ర మెట్లు ఉన్నాయి. మేడ మీద అతని తల్లి ఉండేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రోజుకు ఒకసారి చేతికర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకూ దేవుణ్ణి తలుచుకుంటూ కిందికి దిగేది. ఆయన చేతికర్ర వెంట చెయ్యి జరుపుకుంటూ వెళ్లి, మలుపు దగ్గర దబ్బనం పెట్టి నొక్కాడు. పిడి దాకా దిగింది.

లాగి తీశాడు. కొంచెం కింద మళ్లీ పెట్టాడు. మళ్లీ దిగింది. పైకి రంగు మెరుస్తోంది. అది ఆయన వేసిన రంగే.

మిషను ఆపి దర్జీ బయటికి వచ్చాడు. "ఏంటి బాబాయ్, మొన్నే చూసి వెళ్లావుగా?"

"ఊరికే. రంగు ఎలా ఉందో చూస్తున్నా."

"రంగుకేం. పెళ్లికూతురిలా ఉంది. మా అమ్మ ఇంకెవరు పట్టుకున్నా దిగదు, నువ్వు చూసిన ఈ కర్ర పట్టుకునే దిగుతుంది. నా చెయ్యి కంటే దీనిమీదే నమ్మకం ఎక్కువ" అని నవ్వి, "అవునూ, టీచరమ్మగారి పరుపు గాలికి ఎగిరి పడిందటగా?" అన్నాడు.

"గాలికా?"

"ఇస్త్రీ అక్క చెప్పింది. రేడియో వార్త కదా, నిజమే అయ్యుంటుంది."

నిన్న గాలి లేదు. ఆకు కూడా కదలలేదు. ఇంటింటికీ తిరిగే ఆ మనిషి, నోట్లోకి వచ్చిన కబురును ఏనాడూ ఆపుకోలేని మనిషి, ఆయన కోసం ఒక గాలిని పుట్టించి ఊరంతా చెప్పి వచ్చింది. టీచరమ్మ తన వయసును అడ్డం వేసింది. ఇంట్లో ఆవిడ చలికాలం నుంచీ పక్క మార్చుకుని కూర్చుంది. అందరూ ఆయన్ని కాపాడుతున్నారు. ఇంకాసేపట్లో దర్జీ తల్లి మెట్లు దిగుతుంది.

ఆయన మెట్ల మొదట్లో కూర్చుండిపోయాడు. తరువాత లేచి, "అమ్మని ఇవాళ దిగొద్దను" అన్నాడు.

"ఎందుకు?"

"కర్ర పుచ్చింది. నేను చూసుకోలేదు."

దర్జీ నమ్మలేదు. "నీ చేతిపనా? పుచ్చడమా? ఊరుకో బాబాయ్" అన్నాడు. ఆయన అతని వేలు పట్టుకుని రంధ్రం మీద పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. దర్జీ నవ్వు మానేసి మెట్లెక్కి తల్లి గది తలుపు దగ్గరకు పోయాడు.

ఆ ఒక్క ఇంటికి పొద్దంతా గడిచింది. చేతికర్ర విప్పి, పక్క వీధి వడ్రంగిని పిలిచి చూపించి, బాగయ్యేదాకా మెట్లకు అడ్డం కట్టేసరికి ఎండ వాలింది. వడ్రంగి పక్కన ఉండగానే మెట్ల పలకలు కూడా ఒకసారి తట్టి చూడమన్నాడు. అతను తట్టి, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెబుతుంటే ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆయనకు మాటలు వినబడుతున్నాయి, చెక్క వినబడటం లేదు.

ఇంకా చూడవలసిన ఇళ్లు అటు చివర దాకా ఉన్నాయి. ఎండ కాస్తోంది కదా అని ఆ సాయంత్రం ప్రతి బాల్కనీలో ఎవరో ఒకరు రెయిలింగుకు ఆనుకుని నిలబడి ఉన్నారు. టీ తాగుతున్నవాళ్లు, ఎదురింటివాళ్లతో మాట్లాడుతున్నవాళ్లు, చంటిపిల్లకు పిట్టల్ని చూపిస్తున్నవాళ్లు. ఒకావిడ ఆయన్ని చూసి చెయ్యి ఊపడానికి మరింత ముందుకు వంగింది. ఆయన వెనక్కి వెళ్లమని రెండు చేతులూ ఊపాడు. పలకరిస్తున్నాడనుకుని ఆమె మళ్లీ ఊపింది.

ఒక్కో ఇంటికీ వెళ్లి దబ్బనంతో గుచ్చుకుంటూ పోతే ఇది ఎప్పటికి తెమిలేది? తానే ప్రతి గుమ్మంలోనూ నిలబడి చెబుదామన్నా సగంమంది దర్జీలాగే నవ్వి, ఊరుకో బాబాయ్ అంటారు. తన మీద తాను చెప్పుకున్నదాన్ని ఎవరూ నమ్మరు. వేరేవాళ్లు చెబితే వెంటనే నమ్ముతారు.

ఇస్త్రీ బండి వీధి మలుపులో ఉంది. ఆమె మడతలు పెట్టిన బట్టలు మూటలు కట్టుకుంటోంది. ఇంకాసేపట్లో ఇంటింటికీ బయలుదేరుతుంది. ఆయన్ని చూడగానే గొంతు తగ్గించి, అంతలోనే ఆయనకు వినబడదని గుర్తొచ్చి దగ్గరకు వచ్చి, "ఎవ్వరికీ చెప్పలేదు బాబాయ్. ఒట్టు. గాలికి పడిందన్నాను" అంది. ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. ఆమె జీవితంలో దాచిన మొదటి కబురు బహుశా అదే కావచ్చు.

"తెలిసిందమ్మా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అన్నాడు. బండి చెక్క మీద చెయ్యి ఆనించాడు. "నాకో సాయం చెయ్యాలి."

"చెప్పు. నీళ్లు కావాలా? కూర్చో ముందు."

"నీళ్లొద్దు. ఇప్పుడు అన్ని ఇళ్లకీ వెళ్తావు కదా. టకటక బాబాయికి చెవులు వినబడటం లేదని చెప్పు."

ఆమె చేతిలో మూట అలాగే ఉండిపోయింది. "నేను చెప్పను."

"టీచరమ్మగారి రెయిలింగు గాలికి పోలేదని చెప్పు. పుచ్చిపోతే నేను కనిపెట్టలేకపోయానని చెప్పు. దర్జీ ఇంటి మెట్లదీ అంతే. ఈ వానల్లో నేను పరవాలేదన్న కర్ర మీద ఎవరూ ఆనుకోవద్దు, ఎవరూ పట్టుకుని దిగొద్దు. పక్క వీధి వడ్రంగిని పిలిచి మళ్లీ తట్టించుకోమను. వాడి చెవులు బాగున్నాయి, నేను చూశాను."

"అలా చెబితే ఇంక నిన్నెవరు పిలుస్తారు బాబాయ్?"

"పిలవరు."

"మరి నువ్వేం చేస్తావు?"

"అది రేపు చూసుకుందాం. ఈ పూట నువ్వు బట్టలు ఇవ్వడం అయ్యేలోపల అందరికీ మాట అందాలి. పాపను ఎత్తుకుని నిలబడ్డ ఆవిడ ఉందే, ముందు ఆ ఇంటికెళ్లు."

ఆమె కళ్లు తుడుచుకుని మూట భుజానికెత్తుకుంది. "ఎలా చెప్పను? నాకు నోరు రావడం లేదు. మెల్లగా లోపలికి పిలిచి చెబుతాలే."

"వద్దమ్మాయ్. మెల్లగా చెప్పకు. వీధిలో నిలబడి నీ మామూలు గొంతుతోనే చెప్పు."